ఎవరి వాకిలి, ఎవరి చాకిరీ?

పోయినేడాది ఒక విశ్వవిద్యాలయం సదస్సులో నన్ను వేదిక మీదికి పిలుస్తూ నిర్వాహకురాలు 'అంగన్‌వాడీ నుంచి డాక్టరేట్ దాకా ఎదిగిన మన అమ్మాయి' అని పరిచయం చేశారు. ఆమె ప్రేమగానే అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చేతిలో ఉన్న పేపర్ చూసుకుంటూ కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. నేను అంగన్‌వాడీలో ఓనమాలు దిద్దిన మాట నిజమే. కానీ అక్కడ నా ముక్కు తుడిచింది, నాతోపాటు ఇంకో పాతికమందికి ఉప్మా వండి పెట్టింది, మా వాడ నుంచి పిల్లల్ని చంకనేసుకుని కేంద్రం దాకా మోసుకొచ్చింది మా అమ్మ. ఆమె అక్కడ ఆయా. 1991లో నెలకు నూటపది రూపాయలకు చేరి ముప్పై ఏళ్లు చేసింది. మోకాళ్లు పనిచేయక 2021లో మానేసింది. పేదరికం నుంచి బయటపడిన బిడ్డగా నన్ను చూపించడం సులువు. నన్ను బయటికి నెట్టిన చేతుల సంగతేమిటి? అవి ఇంకా అక్కడే ఎందుకున్నాయి?

తరతరాల పేదరికపు గొలుసును తెంపాలంటే పసివయసులోనే, పిల్లలున్న చోటే, వాడవాడలోనే పని మొదలుపెట్టాలన్న మాట ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తోంది. ఈ మాట ఎత్తగానే ఆర్థికవేత్తలు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1962లో మొదలైన పెరీ ప్రీస్కూల్ ప్రయోగాన్ని చెప్తారు. 123 మంది నల్లజాతి పిల్లలు. వాళ్లలో 58 మందికి బడి, మిగతా 65 మందికి లేదు. ఆ పిల్లలు నడివయసుకు వచ్చేదాకా వాళ్ల చదువు, సంపాదన, జైలుకెళ్లారా లేదా అన్నీ లెక్కగట్టారు. ఒక్కో డాలరుకు ఎన్ని డాలర్లు తిరిగొచ్చాయో కూడా తేల్చారు. కాదనను. కానీ మన దగ్గర దీనికి వేరే చరిత్ర ఉంది. అది ఆడవాళ్ల చరిత్ర. అందుకేనేమో దాన్ని ఎవరూ చరిత్రగా చెప్పరు, 'పథకం' అంటారు.

స్త్రీల జీవిత రచనల మీద పరిశోధన చేస్తున్నప్పుడు మరాఠీ మిత్రురాలొకామె అనూతాయి వాఘ్ రాసిన 'కోస్‌బాడ్చ్యా టేకడీవరూన్' పుస్తకం గురించి చెప్పింది. కోస్‌బాడ్ కొండ మీద నుంచి అని అర్థం. నాకు మరాఠీ రాదు. ఆమె చదివి వినిపిస్తుంటే విన్నాను. అప్పటిదాకా అంగన్‌వాడీ అనే మాట ఢిల్లీలో ఏ అధికారో పుట్టించి ఉంటాడనే అనుకున్నాను. మీలో కూడా చాలామంది అలాగే అనుకుని ఉంటారు.

ఆ మాట వెనక ఇద్దరు స్త్రీలున్నారు. తారాబాయి మోడక్ 1892లో బొంబాయిలో పుట్టింది. 1914లో బొంబాయి విశ్వవిద్యాలయం పట్టభద్రురాలైంది. పెళ్లి చేసుకుంది, ఆ పెళ్లి నిలవలేదు, 1921లో విడాకులు తీసుకుంది. ఆ కాలంలో విడాకులంటే ఎలాంటి మాట పడాల్సి ఉంటుందో ఊహించుకోవచ్చు. రాజ్‌కోట్‌లో కొంతకాలం ప్రిన్సిపాల్‌గా పనిచేసి, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో బాలమందిర్ నడుపుతున్న గిజుభాయి బధేకా దగ్గరికి చేరింది. ఇద్దరూ కలిసి 1926లో నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. గిజుభాయి తెలుగు ఉపాధ్యాయులందరికీ తెలుసు. 'పగటికల' చదవని టీచరు ఉండరు. తారాబాయి పేరు ఎంతమందికి తెలుసు? ఉపాధ్యాయుల శిక్షణలో ఉన్న మిత్రుల్ని పదిమందిని అడిగాను. ఒక్కరు తెలుసన్నారు, అదీ గిజుభాయి సహాయకురాలిగా.

అనూతాయి వాఘ్ 1910లో పుట్టింది. పదమూడేళ్లకు పెళ్లి, ఆరు నెలలు తిరక్కుండానే వైధవ్యం. ఆ తర్వాత చదువుకుని టీచరైంది. 1945లో తారాబాయి థానే జిల్లా సముద్రతీరంలోని బోర్డీ గ్రామంలో గ్రామ బాల శిక్షా కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఆమెతో చేరింది. అప్పటికి తారాబాయికి యాభై మూడేళ్లు, అనూతాయికి ముప్పై అయిదు. ఇక ఆ ఇద్దరూ విడిపోలేదు. మన దుర్గాబాయిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎనిమిదేళ్లకు చేసిన పెళ్లిలోంచి బయటికొచ్చి, కాకినాడలో చిన్న వయసులోనే బాలికలకు హిందీ పాఠశాల నడిపి, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలైన దుర్గాబాయి. ఆ బోర్డు మరుసటి ఏడాది నుంచి పల్లెల్లో నడిపిన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టుల్లో బాలవాడీలు ముఖ్యమైన భాగం. మా అమ్మ తరం ఇప్పటికీ అంగన్‌వాడీని 'బాల్వాడి' అనే అంటుంది. విడాకులు పొందిన స్త్రీ, బాలవితంతువు, బాల్యవివాహాన్ని కాదన్న స్త్రీ. కుటుంబం తమ కోసం గీసిన గీతలో ఇమడని ముగ్గురు ఊరి పిల్లల కోసం వాకిళ్లు తెరిచారు. దీన్ని మాతృత్వపు ఘనతగా రాసిన వ్యాసాలు చూశాను. నాకది చిరాకు. వాళ్లు తల్లితనం కోసం వెతుక్కోలేదు, పని కోసం వెతుక్కున్నారు.

బోర్డీలో జరిగింది ఇది. కేంద్రం తెరిచారు. ఊళ్లో పై కులాల పిల్లలు వచ్చారు. దళితుల పిల్లలు, వార్లీ ఆదివాసీల పిల్లలు రాలేదు. ఎందుకు రావట్లేదని వెళ్లి చూస్తే పిల్లలకు తీరిక లేదు. చంటివాళ్లను ఎత్తుకోవాలి, మేకల్ని కాయాలి, పుల్లలు ఏరాలి. పైగా ఆ బడి ఊళ్లో ఉంది, వాళ్ల గుడిసెలు ఊరి బయట ఉన్నాయి. అప్పుడు బడే కదిలింది. టీచరు సామానంతా సంచిలో వేసుకుని గుడిసెల మధ్యకు వెళ్లి ఎవరిదో ఒకరి అంగణంలో కూర్చుంది. అంగణమంటే వాకిలి. అంగణంలో నడిచే బాలవాడి కనుక అది అంగన్‌వాడి అయింది. ముందు పిల్లలకు స్నానం, గోళ్లు తియ్యడం, తల దువ్వడం. తర్వాత ఆటలు, పాటలు, లెక్కలు. పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్లలోనే కురణశాల నడిపారు. 1957లో కోస్‌బాడ్ కొండకు మారాక శిశుసంరక్షణ, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకే ఆవరణలో ఉండే వికాస్‌వాడి నడిపారు. అక్క బడిలో ఉంటే చెల్లి పక్కనే ఉయ్యాలలో ఉంటుంది. చెల్లిని ఎత్తుకోవాల్సిన ఆడపిల్ల బడికి రావాలంటే ఇంతకన్నా వేరే దారి లేదు. ఈ సంగతి మన విధానకర్తలకు ఇప్పటికీ పూర్తిగా అర్థమైనట్టు లేదు.

ఆ సామాను గురించి కూడా చెప్పాలి. మాంటిస్సోరి పరికరాలు ఖరీదైనవి, నగరాల్లో డబ్బున్న పిల్లల బడుల కోసం తయారైనవి. తారాబాయి, అనూతాయి వాటి స్థానంలో గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు, పూలు పెట్టారు. లెక్కపెట్టడానికి చింతగింజ చాలదా? మా అమ్మకు మాంటిస్సోరి పేరే తెలియదు. నాకు అంకెలు చింతగింజలతోనే నేర్పింది. అది ఆమె సొంత తెలివా, ఏ ట్రైనింగులోనో విన్నదా అని ఒకసారి అడిగాను. 'గింజలు కాకపోతే ఇంకేమున్నయే మనింట్ల?' అంది.

ఇక్కడ కాస్త ఆగాలి. కోస్‌బాడ్ కథను మహానుభావుల కథగా చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. అదే 1945లో, అదే ప్రాంతంలో ఇంకో స్త్రీ ఉంది. గోదావరి పరూలేకర్. ఆ ఏడాది మే నెలలో ఉంబర్‌గావ్ తాలూకా జరి గ్రామంలో వేలాదిమంది వార్లీలు సభ జరుపుకుని ఇక వెట్టి చెయ్యమని చెప్పారు. పెళ్లి ఖర్చుకు భూస్వామి దగ్గర అప్పు తీసుకున్న వార్లీ, ఆ పెళ్లితోపాటే జీవితాంతం పాలేరైపోయేవాడు. అలాంటివాళ్లకు 'లగ్నగడీ' అని పేరు. అతని భార్య కూడా ఆ వెట్టిలో భాగమే, ఆమె శరీరం మీద భూస్వామి చేసే దౌర్జన్యంతో సహా. ఆ పోరాటాన్ని గోదావరి 'జేవ్హా మాణూస్ జాగా హోతో' అనే పుస్తకంగా రాసింది. 1970లో వచ్చిన ఆ పుస్తకానికి 1972లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఒకే నేల మీద, ఒకే ఏడాది, రెండు దారులు. ఒకరు పిల్లల గోళ్లు తీస్తున్నారు, ఇంకొకరు పెద్దల మెడ మీది కాడి దించుతున్నారు. నా విద్యార్థి సంఘం రోజుల్లో అయితే ఏమాత్రం సందేహించకుండా రెండో దారే దారి అనేదాన్ని, మొదటిది సంస్కరణ అని కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు అంత సులువుగా అనలేను. వెట్టి పోయిన ఇంట్లో కూడా పసిపిల్లను ఎవరో ఒకరు చూసుకోవాలి. అలాగని గవ్వలతో అంకెలు నేర్చిన పిల్లవాడు తండ్రి అప్పు కింద మళ్లీ పాలేరుగా వెళ్తే ఆ అంకెలు దేనికి? తరతరాల పేదరికం అనే మాటలో ఒక మోసముంది. అదేదో రక్తంలో వచ్చే జబ్బు అన్నట్టు వినిపిస్తుంది. వార్లీల పేదరికానికి కారణం ఎవరో వార్లీలకు తెలుసు, కారణమైనవాళ్ల పేర్లతో సహా.

తర్వాతి కథ ప్రభుత్వానిది. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఒక అధ్యయన బృందం నివేదిక ఇచ్చింది. బడికి ముందు వయసు పిల్లలకు తిండి, ఆరోగ్యం, చదువు విడివిడిగా కాదు, కలిపి అందించాలని దాని సారాంశం. 1974లో పిల్లల జాతీయ విధానం వచ్చింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలయ్యాయి. 18 గ్రామీణ ప్రాంతాల్లో, 11 గిరిజన ప్రాంతాల్లో, 4 నగరాల్లో. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి మూడు నెలలు దాటింది. కోస్‌బాడ్ వాకిలి పేరు దేశం మొత్తానికి పెట్టారు. తారాబాయి దాన్ని చూడలేదు, 1973లోనే చనిపోయింది.

పేరు తీసుకున్నారు, సరే. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, బడి ముందు చదువు అని ఆరు సేవలు రాశారు. కోస్‌బాడ్‌లో చదువు మొదటిది. ఇక్కడది చివరికి జరిగింది. ఆచరణలో ఇంకా వెనక్కి పోయింది. పని చేసేవాళ్ల విషయంలో జరిగింది ఇంకా పెద్ద మార్పు. టీచరును 'గౌరవ కార్యకర్త' అన్నారు. పది పాసైతే నెలకు 150 రూపాయలు, పాసు కాకపోతే 100. సహాయకురాలికి 35. దానికి జీతమని పేరు పెట్టలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆడవాళ్లు పిల్లల్ని చూసుకోవడం సహజం కదా, అది సేవ కదా, ఖాళీ సమయంలో ఊరికి చేసే ఉపకారం కదా. స్త్రీవాదులుగా ఇంటిచాకిరీకి విలువ కట్టమని మనం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. ఇంటిచాకిరీని ఇంటి బయటికి తెచ్చి కూడా విలువ కట్టకుండా ఉండవచ్చని రాజ్యం చూపించింది. ఇది 14 లక్షల కేంద్రాలతో నడిచే ఉపకారం!

మా ఊళ్లో కేంద్రం గ్రామపంచాయితీ పక్కన అద్దె గదిలో ఉండేది. మా వాడ నుంచి అక్కడికి పోవాలంటే ఊరు దాటాలి. అంగన్‌వాడీ అనే మాటలో 'వాడి' విన్నప్పుడల్లా నాకు మన 'వాడ' వినిపిస్తుంది. మరాఠీలో ఆ మాటకు తోట, ఆవరణ అనే అర్థాలున్నాయి. తెలుగులో వాడ అంటే ఎవరి వాడ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. వాకిలి దగ్గరికి బడి వెళ్లాలన్న ఆలోచన మా ఊరు చేరేసరికి తలకిందులై, వాడ పిల్లలే బడి దగ్గరికి రావలసి వచ్చింది. వాళ్లను తెచ్చే పని అమ్మది. పొద్దున్నే ఊడ్చి, నీళ్లు మోసి, పొయ్యి అంటించి, మళ్లీ వాడకొచ్చి పిల్లల్ని ఏరుకుని వెళ్లేది. ఆమె వండిన ఉప్మా ఊళ్లో కొన్ని ఇళ్ల పిల్లలు తినేవాళ్లు కాదు. వాళ్ల తల్లులు గిన్నె పంపి పచ్చి రవ్వ, నూనె పట్టుకుపోయేవాళ్లు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. గిన్నె వచ్చేది, నిండి వెళ్లేది. ఒక సూపర్‌వైజరు తనిఖీకొచ్చి, టీచరు చేతి నీళ్లు తాగి, అమ్మ ఇచ్చిన టీ పక్కన పెట్టడం నాకు గుర్తు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆహార హక్కు కేసులో పథకాన్ని ప్రతి ఆవాసానికీ విస్తరించమంది. 2004లో దళిత, ఆదివాసీ వాడల్లో ముందుగా కేంద్రాలు పెట్టమని చెప్పింది. మా వాడలో కేంద్రం వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను.

మరి ఆ ఉప్మా వల్ల ఏమైనా అయిందా? అయింది. దీనికి రుజువు మన పక్క ఊళ్లలోనే దొరికింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ పక్కన 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో పథకం అప్పటికే వచ్చింది, 14 గ్రామాల్లో ఇంకా రాలేదు. వచ్చిన చోట గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిసిన రవ్వతో ఉప్మా పెట్టారు. 2003-05 మధ్య ఆ పిల్లల్ని మళ్లీ వెతికి పట్టుకున్నారు. 1,165 మంది దొరికారు. పథకం ఉన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువున్నారు, వాళ్లకు గుండెజబ్బు, మధుమేహ సూచనలు తక్కువున్నాయి. తర్వాతి విశ్లేషణల్లో వాళ్లు బడిలో కొనసాగే అవకాశం కూడా ఎక్కువని తేలింది. 14 మిల్లీమీటర్లంటే వేలెడంత కూడా కాదు. కానీ గర్భంలో ఉన్నప్పుడు తల్లి తిన్న గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత పిల్ల ఎముకలో కనిపించడం మామూలు సంగతి కాదు. ఆ పిల్లలది నా ఈడు. ఆ పరిశోధనా పత్రాలు చదువుతుంటే ఆ రవ్వ వాసన నా ముక్కుకు తగిలింది. పత్రంలో గ్రాముల్లో ప్రోటీన్ లెక్క ఉంది, శక్తి లెక్క ఉంది. వండినవాళ్ల లెక్క లేదు.

వండినవాళ్లను లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మళ్లీ అమెరికాకే వెళ్లాలి, కాకపోతే మిషిగన్ కాదు, మిసిసిపీ. 1965 వేసవిలో హెడ్ స్టార్ట్ పథకం కింద అక్కడ చైల్డ్ డెవలప్‌మెంట్ గ్రూప్ ఆఫ్ మిసిసిపీ అనే సంస్థ 80కి పైగా కేంద్రాలు తెరిచింది. చర్చిల్లో, ఇళ్లలో దాదాపు 6,000 మంది పిల్లలు. టీచర్లుగా డిగ్రీలున్నవాళ్లను కాదు, ఆ పిల్లల తల్లుల్ని, అత్తల్ని పెట్టుకున్నారు. తెల్లవాళ్ల పత్తి చేలల్లో రోజంతా వంగి పనిచేస్తే మూడు డాలర్లు వచ్చే స్త్రీలకు నిజమైన జీతాలిచ్చారు. అంతే, గగ్గోలు మొదలైంది. ఓటు కోసం పేరు నమోదు చేసుకుంటే పని నుంచి తీసేస్తానన్న యజమాని బెదిరింపు ఇక ఆ స్త్రీల మీద పనిచేయదు. మిసిసిపీ సెనేటర్ జాన్ స్టెనిస్ ఆ నిధుల మీద యుద్ధమే ప్రకటించాడు. 1966లో నిధులు ఆపేశారు, ఒత్తిడి వల్ల మళ్లీ కొంత ఇచ్చారు, సంస్థ ఎక్కువకాలం నిలవలేదు. క్రిస్టల్ శాండర్స్ 2016లో రాసిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. పిల్లలకు పాలు పోస్తే సెనేటర్లకు కోపం రాలేదు. పాలు పోసే స్త్రీకి జీతమిస్తే వచ్చింది.

మన దగ్గర ఆ ప్రమాదం రాకుండా 1975లోనే జాగ్రత్త పడ్డారు. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వోద్యోగం కాదని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరి 6న వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవలట! గౌరవం కోసం ఖాళీ సమయంలో చేసే ఉపకారం సమ్మె రోజున అత్యవసర సేవగా మారిపోయింది. ఆ రోజుల్లో ధర్నా శిబిరాల్లో కూర్చున్న ఆడవాళ్ల ఫోటోలు చూస్తూ వాళ్ల మోకాళ్లకేసి చూశాను. అలవాటైపోయింది.

మధ్యలో 2022 ఏప్రిల్ 25న మణిబెన్ మగన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టే ఇంకో మాట చెప్పింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కుంది, గౌరవ వేతనమని పేరు పెట్టినా అది వేతనమేనంది. ఆ తీర్పు చదివిన సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.

'గ్రాట్యుటీ అంటే ఏందే?' అంది.

చెప్పాను. ముప్పై ఏళ్లకు లెక్క కట్టి ఎంత రావచ్చో కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ముప్పై ఏండ్లని ఎట్ల చెప్తవ్ బిడ్డా? నేను చేరిన నాడు ఆర్డరు ఇయ్యలే. రేపట్నుంచి రా అన్నరు, పోయిన. కాయితం అయిదేండ్లకిచ్చిండ్రు' అంది.

ఆ సెలవుల్లో ఊరెళ్లి అమ్మా నేనూ ఇనప్పెట్టె మొత్తం దిమ్మరించాం. పల్స్ పోలియో డ్యూటీ బ్యాడ్జీలు దొరికాయి. సగం చెదలు తిన్న హాజరు రిజిస్టరొకటి దొరికింది. అందులో పిల్లల పేర్లున్నాయి, నా పేరుంది. ఆయా హాజరు వేరే పుస్తకంలో ఉంటుందట, అది ఆఫీసులో ఉండాలి. పాత పత్రికల్లో, గ్రంథాలయాల అటకల మీద వందేళ్ల కిందటి స్త్రీల పేర్లు వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. అమ్మ ఆర్డరు కాగితం ఇంకా దొరకలేదు. రెండుసార్లు మండల కేంద్రానికి వెళ్లొచ్చాం. పాత రికార్డులు ఇంకో భవనంలోకి మార్చారన్నారు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. ఈసారి అమ్మతోపాటు ఆ రోజుల్లో పనిచేసిన పక్క ఊరి ఆయమ్మలు ఇద్దరు కూడా వస్తామన్నారు. వాళ్ల దగ్గర కూడా కాగితాలు లేవు.